విమాన కంపెనీలు ఎందుకు మునుగుతాయి?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, విమాన మరమ్మతుల ఇంజనీరు, చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నువ్వు విమానాల్ల పనిచేస్తవు గద, దాని మీద అర్ధగంట మాట్లాడు" అన్నారు. సరే అన్నాను. తీరా ఆహ్వాన పత్రిక చూస్తే "పౌర విమానయాన రంగం ఎదుర్కొంటున్న సవాళ్లు" అని అచ్చు వేయించారు. అంత పెద్ద పేరుకు నేను తగను. నేను విమానం నడిపేవాణ్ణి కాదు, కంపెనీ నడిపేవాణ్ణి అంతకన్నా కాదు. ఇంజన్ విప్పి చూసి, మళ్లీ బిగించి, "ఇది ఎగరవచ్చు" అని సంతకం పెట్టే మనిషిని. ముప్పై ఏళ్లుగా ఇదే పని. హ్యాంగర్‌లో నుంచి నాకు కనబడ్డంత వరకే చెబుతాను.

కమ్మర్‌పల్లిలో విమానాల గురించి మాట్లాడటం ఏమిటని కొత్తవాళ్లు నవ్వవచ్చు. మనం నవ్వం. మోర్తాడ్ నుంచి మెట్‌పల్లి దాకా రోడ్డు పొడుగునా ఏ ఊళ్లో అడిగినా దుబాయ్ పోయినవాడు, పోయి వచ్చినవాడు, పోవడానికి పాస్‌పోర్టు పెట్టుకున్నవాడు కనబడతాడు. దుబాయ్ అని మనం అనేది మస్కట్‌నూ, కువైట్‌నూ, దోహానూ, రియాద్‌నూ కలిపే. హైదరాబాద్‌లో ఉన్న నా తోటి ఇంజనీర్ల ఇళ్లలో విమానం ఎక్కింది చదువుకున్నవాళ్లు. మన దగ్గర ముందుగా ఎక్కింది మేస్త్రీలు, కూలీలు, డ్రైవర్లు. ఒకప్పుడు బొంబాయి దాకా పోయి, అక్కడ ఏజెంటు గదిలో వారాలు గడిపి ఎక్కేవాళ్లు. ఇప్పుడు శంషాబాద్ నుంచే ఎక్కుతున్నారు. అందుకే ఒక విమాన కంపెనీ మూతపడితే ఢిల్లీలో అది పేపర్ వార్త. మన దగ్గర మాత్రం ఎవరో ఒకరింట్లో మిత్తికి తెచ్చిన పైసల లెక్క.

అసలు ఈ కంపెనీలు ఎందుకు మూతపడతాయి? విమానం నిండా జనం, టికెట్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, అయినా నష్టమంటారు. ఇది ఎట్లా అని మా ఇంట్లోనే నన్ను చాలాసార్లు అడిగారు. దీనికి నేను చెప్పే జవాబు మన పంటల నుంచే మొదలవుతుంది.

పసుపు తవ్వినం, ఉడకబెట్టినం, ఆరబెట్టినం. నిజామాబాద్ మార్కెట్‌లో ధర లేదంటే బస్తాలు ఇంట్లో పెట్టుకోవచ్చు. పసుపు ఆగుతుంది. ఏడాది కూడా ఆపినవాళ్లు ఈ సభలో ఉన్నారు. చెరుకు అట్లా కాదు. కొట్టిన చెరుకు ఒకటి రెండు రోజుల్లో గానుగలో పడకపోతే బరువు తగ్గుతుంది, చక్కెర శాతం తగ్గుతుంది. ముత్యంపేట ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలో రాత్రంతా చలిలో పడుకున్న పెద్దలకు నేను చెప్పే పని లేదు. విమానం సీటు చెరుకు కంటే నయం కాదు, ఇంకా కష్టం. తలుపు మూసిన నిమిషానికి ఖాళీ సీటు విలువ సున్నా. రేపు అమ్ముకుందామంటే కుదరదు. కానీ ఆ సీటు కోసం పోయాల్సిన నూనె, పైలట్ జీతం, విమానం అద్దె, రన్‌వే మీద దిగినందుకు కట్టే రుసుము అన్నీ ముందే ఖర్చయిపోయి ఉంటాయి.

మామూలుగా మన దేశంలో తిరిగే ఎయిర్‌బస్ ఏ320లో 180 సీట్లు, కొన్నింటిలో 186 ఉంటాయి. లెక్క కోసం 150 సీట్లు నిండితే ఖర్చు తిరిగి వస్తుందనుకోండి. ఆపైన నిండే సీట్లలోనే లాభమంతా ఉంటుంది. పొగమంచు వల్ల నాలుగు విమానాలు ఆగితే, లేదా పోటీ కంపెనీ 500 రూపాయలు తగ్గిస్తే ఆ కొద్ది సీట్లూ పోతాయి. ప్రపంచ విమాన కంపెనీల సంఘం అయాటా 2025లో వేసిన అంచనా ప్రకారం కంపెనీలకు ఒక్కో ప్రయాణికుడి మీద మిగిలేది సగటున ఏడు డాలర్ల చిల్లర. మన డబ్బులో ఆరు వందల పైన. అదీ మంచి ఏడాది అని వాళ్లే అన్నారు. ఆ సొమ్ముతో ఎయిర్‌పోర్టు లోపల కాఫీ, దోశ కొనుక్కుంటే ఇంకేమీ మిగలదు.

ఖర్చులో పెద్ద భాగం నూనెది. మన కంపెనీలకు మొత్తం ఖర్చులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా దానికే పోతుంది. విమాన ఇంధనం జీఎస్టీలో లేదు. ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే, ఒకచోట 1 శాతం ఉంటే తమిళనాడులో 29 శాతం. తర్వాతిది డాలరు. విమానం అద్దె డాలర్లలో, విడిభాగాలు డాలర్లలో, ఇంజన్ మరమ్మతు డాలర్లలో. టికెట్ అమ్మేది మాత్రం రూపాయల్లో. 2014లో 60 రూపాయల దగ్గర ఉన్న డాలరు 2024 చివరికి 85 దాటింది. కంపెనీ ఏ తప్పూ చేయకపోయినా అద్దె దానంతటదే పెరుగుతుంది. చెరుకు రైతుకు ఎరువు ధర ఒకరు నిర్ణయిస్తారు, చెరుకు ధర ఇంకొకరు నిర్ణయిస్తారు. విమాన కంపెనీ పరిస్థితి కూడా దాదాపు అదే.

మన తెలుగువాళ్ల చరిత్రే చూడండి. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిచాయి. 1953లో దేశంలోని ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు ఇదీ అందులో కలిసిపోయింది. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్లు ప్రైవేటు కంపెనీల ఊసు లేదు. తొంభైలలో తలుపులు తెరిస్తే ఈస్ట్ వెస్ట్, దమానియా, మోదీలుఫ్త్, ఎన్ఈపీసీ అని వరుసగా వచ్చాయి, వరుసగా పోయాయి. 2005లో కింగ్‌ఫిషర్ వచ్చింది, ఒక్క ఏడాది కూడా లాభం చూడకుండా 2012లో ఆగిపోయింది. పాతికేళ్లు నడిచిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17న చివరి విమానం నడిపింది.

విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో ఎయిర్ కోస్టా మొదలైంది. చిన్న ఎంబ్రాయర్ జెట్లు, చిన్న ఊర్లు. ఆలోచన మంచిదే. మొదలై నాలుగైదు నెలలన్నా కాలేదు, 2014 ఫిబ్రవరిలో సింగపూర్ విమాన ప్రదర్శనలో 50 కొత్త విమానాలకు ఆర్డర్ ప్రకటించారు. 2017 ఫిబ్రవరి చివర్లో ఉన్న విమానాల అద్దె దగ్గరే పేచీ వచ్చి ఆగిపోయారు. హైదరాబాద్ కేంద్రంగా 2015 జూలైలో ట్రూజెట్ వచ్చింది. ఏటీఆర్ అనే రెక్కల పంఖా విమానాలు. 2017 ఏప్రిల్ 27న ప్రధాని ఉడాన్ పథకం ప్రారంభించిన రోజు జెండా ఊపిన విమానాల్లో దీనివి కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ ఉన్నాయి. నాందేడ్ మన పక్క జిల్లా లెక్కే. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ కూడా ఆగింది.

ఇవన్నీ యజమానుల ఆర్భాటం వల్లే పోయాయని అనడం తేలిక. కొన్నింట్లో ఆర్భాటం ఉంది, నేను కాదనను. కానీ అదే దేశంలో, అదే నూనె ధరకు ఇండిగో 2023–24లో 8,000 కోట్ల రూపాయలకు పైగా లాభం చూపింది. దాదాపు అన్నీ ఒకే రకం విమానాలు, నేల మీద నిలబెట్టకుండా తిప్పడం, పెద్ద సంఖ్యలో కొని బేరం ఆడటం. అంటే ఈ వ్యాపారం చేయరానిది కాదు. చేస్తే చాలా పెద్దగా చేయాలి, లేకపోతే మొదటి దెబ్బకే పోతుంది. మధ్యలో ఉన్నవాడికి జాగా లేదు. దాని ఫలితం ఇవాళ దేశంలో విమానం ఎక్కే నూరు మందిలో అరవై మందికి పైగా ఒకే కంపెనీ విమానం ఎక్కుతున్నారు. రెండోది టాటాల ఎయిర్ ఇండియా. మిగతావి పేరుకే.

ఇప్పుడు నా సొంత పని దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఓపిక పట్టండి.

చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు ఇక్కడ ఉన్నారు. చెరుకు పిండే రోలర్లు నెమ్మదిగా తిరగాలి, వాటిని తిప్పే ఆవిరి టర్బైన్ వేగంగా తిరగాలి. రెండింటికీ పొత్తు కుదర్చడానికి మధ్యలో గేర్‌బాక్స్ పెడతారు. విమానం ఇంజన్‌లో కూడా అదే తగాదా. ముందు కనబడే పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే మంచిది, వెనక ఉన్న టర్బైన్ వేగంగా తిరిగితే మంచిది. ప్రాట్ అండ్ విట్నీ కంపెనీ ఇరవై ఏళ్లు తల పట్టుకుని ఆ మధ్యలో గేర్‌బాక్స్ పెట్టింది. ఇంజన్ ఫ్యాన్ సైజు పెరిగింది, నూనె ఖర్చు ఇంచుమించు 15 శాతం తగ్గింది, శబ్దం తగ్గింది. ఇంధనమే ప్రాణంగా ఉన్న వ్యాపారంలో 15 శాతమంటే మాటలు కాదు. 2016 నుంచి మన దేశంలో ఇండిగో, గోఎయిర్ ఆ ఇంజన్లున్న విమానాలు తెచ్చుకున్నాయి.

గేర్‌బాక్స్ బాగానే పనిచేసింది. తంటా వేరేచోట వచ్చింది. ఇంజన్ లోపల అతి వేడి భాగంలో టర్బైన్ రెక్కలను పట్టుకుని ఉండే ఒక డిస్క్ ఉంటుంది. నిమిషానికి దాదాపు ఇరవై వేల చుట్లు తిరుగుతుంది. దాన్ని నికెల్ మిశ్రమ లోహపు పొడిని విపరీతమైన ఒత్తిడితో, వేడితో ముద్ద చేసి తయారు చేస్తారు. ఆ పొడిలో కంటికి కనబడనంత మలినం కలిసిందని 2023 జూలైలో కంపెనీ బయటపెట్టింది. 2015 చివరి నుంచి 2021 మధ్య దాకా తయారైన డిస్కులకు ఆ అనుమానం అంటుకుంది. మలినం ఉన్న చోట పగులు ముందుగా పుడుతుంది. డిస్క్ పగిలితే ముక్కలను ఇంజన్ కవచం ఆపలేదు, రెక్కనూ క్యాబిన్‌నూ చీల్చుకుపోతాయి. కాబట్టి చూడకుండా ఎగరనివ్వడానికి వీల్లేదు. చూడాలంటే ఇంజన్ రెక్క నుంచి దింపాలి, మొత్తం విప్పాలి, అల్ట్రాసోనిక్ పరీక్ష చేయాలి, అనుమానం ఉంటే కొత్త డిస్క్ వేయాలి. ఒక్కో ఇంజన్‌కు 250 నుంచి 300 రోజులు పడుతుందని కంపెనీయే చెప్పింది. పరీక్ష చేయడానికి అన్ని రోజులు పట్టదు. వందల ఇంజన్లు ఒక్కసారిగా వచ్చి పడితే షాపుల్లో జాగా లేదు, కొత్త డిస్కులు లేవు, విప్పి బిగించే చేతులు లేవు.

డిస్క్ సంగతి బయటపడక ముందే ఈ ఇంజన్లు మన ఎండకు, దుమ్ముకు అనుకున్నదాని కంటే తొందరగా షాపుకు రావడం మొదలుపెట్టాయి. గోఎయిర్ అప్పటికి గో ఫస్ట్‌గా పేరు మార్చుకుంది. 2023 మే నాటికి ఇంజన్లు లేక 25 విమానాలు, అంటే దాదాపు సగం, నేల మీద నిలబడ్డాయి. మే 2న దివాలా పిటిషన్ వేసింది, మూడో తారీఖు నుంచి విమానాలు బంద్. ఇండిగోవి ఒక దశలో డెబ్బైకి పైగా ఆగాయి. పెద్దది కాబట్టి తట్టుకుంది. గో ఫస్ట్ తట్టుకోలేదు.

రెక్కల కింద ఇంజన్లు లేకుండా, తొడుగులు కప్పి వరుసగా నిలబెట్టిన విమానాలను రోజూ చూస్తూ డ్యూటీకి పోయినవాణ్ణి. రెండు ఇంజన్లు దింపేసిన విమానం బరువు తప్పి వెనక్కి ఒరగకుండా ముక్కు దగ్గర బరువులు వేలాడదీస్తాం. రోడ్డు మీద ఎద్దులు లేని బండి కాడికి రాయి కట్టినట్టు ఉంటుంది. అది అక్కడ నిలబడ్డన్ని రోజులూ అద్దె డాలర్లలో నడుస్తూనే ఉంటుంది.

ఇంకొక సంగతి. కొత్త విమానం కావాలంటే వెంటనే దొరకదు. ప్రపంచంలో పెద్ద విమానాలు చేసేవాళ్లు ఇద్దరే, ఎయిర్‌బస్, బోయింగ్. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్ ఇచ్చాయి. అవి ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా వస్తాయి. ఈలోగా పాతవాటిని ఎక్కువ కాలం తిప్పాలి, పాతవాటికి మరమ్మతు ఎక్కువ. మా పనికి గిరాకీ పెరిగింది, నిజమే. సంతోషించాల్సిన తీరులో మాత్రం పెరగలేదు.

కంపెనీ మునిగినప్పుడు ఎవరి డబ్బు ముందు తిరిగి వస్తుంది? దివాలా చట్టం ఒక వరుస పెట్టింది. ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు. తర్వాత తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకులు, కార్మికుల బకాయిలు. ఆ తర్వాత మిగతా ఉద్యోగుల జీతాలు, ఆ తర్వాత తాకట్టు లేని అప్పులు, ప్రభుత్వ బాకీలు. టికెట్ కొని ఎక్కలేకపోయిన మనిషి ఎక్కడో వెనక "ఇతర అప్పులు" అనే చోట నిలబడతాడు. విమానాలు అద్దెకిచ్చినవాళ్లు వాళ్ల విమానాలు పట్టుకుపోతారు. గో ఫస్ట్ విషయంలో ఢిల్లీ హైకోర్టు 2024 ఏప్రిల్‌లో 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమంది. 2025 జనవరిలో కంపెనీని అమ్మి అప్పులు తీర్చమని ట్రిబ్యునల్ చెప్పింది. విమానాలు పోయాక అమ్మడానికి ఏం మిగులుతుంది? నేను ఉద్యోగం మొదలుపెట్టిన కంపెనీ కూడా ఇట్లాగే మూతపడింది. పేరు చెప్పను. నాకు రావాల్సిన నాలుగు నెలల జీతం ఇప్పటికీ రాలేదు, ఇక రాదు. నేను చదువుకున్నవాణ్ణి, వేరేచోట ఉద్యోగం దొరికింది.

దుబాయ్ పోయే తమ్ముడికి అట్లా కాదు. ఏజెంటుకు కట్టింది, మెడికల్‌కు కట్టింది, టికెట్‌కు కట్టింది, అంతా మిత్తికి తెచ్చింది. వీసాకు గడువు ఉంటుంది. విమానం రద్దయితే టికెట్ డబ్బు ఎప్పుడో వస్తుందని పేపర్ మీద ఉంటుంది. కానీ ఆ వారంలో ఇంకో టికెట్ కొనాలి, అది మొదటిదానికి రెండింతలు. జెట్ ఆగిపోయిన 2019 వేసవిలో ఇదే జరిగింది. గల్ఫ్‌కు ధరలు మామూలుగానే మండుతాయి. రెండు దేశాల ఒప్పందం ప్రకారం దుబాయ్‌తో ఒక్కో పక్షానికి వారానికి సుమారు 66 వేల సీట్లే. ఆ సంఖ్య పదేళ్లుగా అక్కడే ఉంది. సీట్లు పెంచితే మన కంపెనీలు ఎమిరేట్స్ ముందు నిలబడవని ప్రభుత్వం అంటుంది. ఆ మాటలో నిజం ఉంది. కానీ పండుగకు ఇంటికి రావాలనుకునే కూలి మనిషి ఆ రక్షణకు తన జేబు నుంచి కడుతున్నాడు. ఈ సంగతి ఢిల్లీలో మాట్లాడే చర్చల్లో నేను ఎప్పుడూ వినలేదు.

2020 మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మామూలు విమానాలు మళ్లీ మొదలైంది 2022 మార్చి 27న. మధ్యలో వందే భారత్ విమానాలు, కొన్ని దేశాలతో ప్రత్యేక ఒప్పందాలు ఉన్నాయి కానీ సీట్లు కొద్ది, ధర ఎక్కువ. ఆరు నెలలు బయట ఉంటే వీసా చెల్లదన్న నియమం గల్ఫ్‌లో చాలాచోట్ల ఉంది. సెలవుకు వచ్చి ఇరుక్కుపోయి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు మన మండలంలోనే ఎంతమందో మీకు తెలుసు. అప్పుడు నేను గల్ఫ్‌లో ఒక హ్యాంగర్‌లో ఉన్నాను. నేల తుడిచే పిలగాడు ఫోన్‌లో మాట్లాడుతుంటే "గట్లనే ఉన్నది అవ్వా" అన్న మాట చెవిన పడింది. "ఏ ఊరు తమ్మీ?" అంటే "భీమ్‌గల్ సార్" అన్నాడు. తండ్రి చనిపోయి నెల అయింది, పోలేకపోయాడు. ఎదురుగా ఇరవై విమానాలు ఖాళీగా నిలబడి ఉన్నాయి. వాటి చక్రాలు ఒకేచోట నిలబడి పాడవకుండా రోజు విడిచి రోజు తిప్పడం మా పని. వాటి చుట్టూ నేల తుడవడం అతని పని.

పైకి చెప్పడానికి మనసొప్పని మాట ఇంకొకటి ఉంది. అక్కడ చనిపోయినవాళ్లను తెచ్చేది కూడా ఇవే విమానాలు, కింది కార్గో అరలో. చాలా ఏళ్లు శవపేటికను తూకం వేసి కిలోల లెక్కన ధర కట్టేవాళ్లు. యూఏఈ నుంచి ఎయిర్ ఇండియా ఆ పద్ధతి మాని ఒకే ధర పెట్టింది 2019లో. అక్కడి మన సంఘాలు ఏళ్ల తరబడి అడిగితేనే అది మారింది.

2025 డిసెంబరులో జరిగింది మీ అందరికీ గుర్తుంది. పైలట్లకు వారంలో విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు, రాత్రి ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గించారు. న్యాయమైన నియమం. నిద్ర చాలని మనిషి చేతిలో రెండు వందల ప్రాణాలు పెట్టకూడదు, నా అనుభవం కూడా అదే చెబుతుంది. నియమం వస్తుందని దాదాపు రెండేళ్ల ముందే తెలుసు. అయినా ఇండిగోకు పైలట్లు చాలలేదు. ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దు. శంషాబాద్‌లో మాల వేసుకున్న స్వాములు నేల మీద కూర్చుని నిరసన చేశారు. మిగులు పైలట్లను పెట్టుకుంటే ఖర్చు. మిగులు విమానం పెట్టుకుంటే ఖర్చు. ఆ ఏడు డాలర్లు నిలబెట్టుకోవడానికి కంపెనీలు మిగులన్నదే లేకుండా నడుపుతాయి. దేశంలో అరవై శాతం మోసే బండికి అట్లా మిగులు లేకుంటే, ఒక చక్రం ఊడినా దేశమంతా రోడ్డు మీద నిలబడుతుంది. నియమాన్నే కొన్నాళ్లు సడలించి దాన్ని గట్టెక్కించారు. అది నాకు నచ్చలేదు. మిగులు సిబ్బంది లేకపోవడం కంపెనీ లెక్క, దానికి పైలట్ నిద్ర తగ్గించడం మందు కాదు.

ఇక జక్రాన్‌పల్లి విమానాశ్రయం. దీని గురించి మాట్లాడకుండా దిగితే మీరు ఊరుకోరు. ఏళ్లుగా ప్రతిపాదన ఉంది, సర్వేలు జరిగాయి. మామునూరుకు 2025లో అనుమతి వచ్చాక మనకూ ఆశ పెరిగింది. నేను వద్దనేవాణ్ణి కాదు. కానీ రన్‌వే కట్టడం ఒక పని, దాని మీదికి రోజూ విమానం రావడం ఇంకో పని. ఉడాన్ పథకం మీద 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక చూడండి. మూడో విడత దాకా ఇచ్చిన 774 మార్గాల్లో 403 మొదలే కాలేదు. మొదలైన 371లో 112 మాత్రమే మూడేళ్ల రాయితీ కాలం పూర్తి చేశాయి. రాయితీ అయిపోయాక కూడా నడిచినవి 54. మన దగ్గర నుంచి హైదరాబాద్‌కు విమానం ఎక్కేవాడు ఎవరు? జక్రాన్‌పల్లి పోయి, గంట ముందు కూర్చుని, ఎక్కి దిగేలోపు కారు శంషాబాద్ చేరుతుంది. మనకు పనికొచ్చేది ముంబై, ఆపైన గల్ఫ్. గల్ఫ్ అంటే పొడవైన రన్‌వే, ఇమిగ్రేషన్, కస్టమ్స్ కావాలి. కాబట్టి నాయకులు వచ్చినప్పుడు "ఎయిర్‌పోర్టు ఎప్పుడు?" అని మాత్రమే అడగకండి. ఏ కంపెనీ, ఏ విమానం, వారానికి ఎన్ని రోజులు, మూడేళ్ల తర్వాత ఎవరు భరిస్తారు అని అడగండి. బోధన్‌లో 1938లో మొదలైన ఫ్యాక్టరీని, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్నదాన్ని, 2015 డిసెంబరులో మూసేశారు. ముత్యంపేటదీ అప్పుడే మూతపడింది. షెడ్డు ఉంది, యంత్రాలున్నాయి, చిమ్నీ ఉంది, గానుగ ఆడటం లేదు. అట్లాంటి రన్‌వే ఇంకొకటి మనకు వద్దు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట చెప్పి ముగిస్తాను. విమాన కంపెనీలు వస్తుంటాయి, పోతుంటాయి, మరమ్మతు మాత్రం పోదు. కంపెనీ మునిగినా దాని విమానం ఇంకొకరి రంగు వేసుకుని మళ్లీ మా దగ్గరికే వస్తుంది. 2025 నవంబరులో శంషాబాద్ పక్కన ఫ్రాన్స్‌కు చెందిన సాఫ్రాన్ కంపెనీ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం తెరిచింది. 1,300 కోట్ల రూపాయల పెట్టుబడి. పూర్తి స్థాయికి వస్తే ఏటా 300 ఇంజన్లు బాగు చేస్తామని, వెయ్యి మందికి పైగా పని ఇస్తామని చెప్పారు. ఇప్పటిదాకా మన ఇంజన్లలో చాలా వరకు విదేశాలకు పోయి, డాలర్లు కట్టి, నెలల తర్వాత తిరిగి వచ్చేవి.

ఆ వెయ్యి మందిలో మన బడి పిల్లలు ఎందుకు ఉండకూడదు? ఇంటర్‌లో ఎంపీసీ చదివితే, డీజీసీఏ గుర్తించిన సంస్థలో విమాన నిర్వహణ ఇంజనీర్ శిక్షణకు పోవచ్చు. లైసెన్స్ పరీక్షలు కష్టమే, ఇంగ్లీషులో ఉంటాయి. మాన్యువల్ ఒక్క మాట తప్పు చదివినా ప్రమాదం కాబట్టి ఇంగ్లీషులో భయం పోగొట్టాలి. ఐటీఐ ఫిట్టర్, షీట్ మెటల్ చేసినవాళ్లకు కూడా హ్యాంగర్‌లో పని ఉంటుంది. రంగుల బోర్డు పెట్టి లక్షలు గుంజే సంస్థలు హైదరాబాద్‌లో ఉన్నాయి. ఫీజు కట్టే ముందు ఆ సంస్థ పేరు డీజీసీఏ జాబితాలో ఉందో లేదో వెబ్‌సైట్‌లో చూడండి. చూడటం రాకపోతే నాకు ఫోన్ చేయండి, సంఘం కార్యదర్శి దగ్గర నంబరు ఉంది.

అట్లాగే దుబాయ్ పోయేవాళ్ల ఇళ్లలో ఒక సంగతి చెప్పండి. ఏజెంటు కాగితం ఇవ్వగానే దాని మీద ఉన్న ఆరు అక్షరాల పీఎన్ఆర్‌ను కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి పేరు, తారీఖు చూసుకోవాలి. విమానం రద్దయితే, టికెట్ ఏజెంటు దగ్గర కొన్నా సరే, డబ్బు తిరిగి ఇప్పించే బాధ్యత విమాన కంపెనీదే అని డీజీసీఏ నియమం ఉంది. "మాకు సంబంధం లేదు, ఏజెంటును అడుగు" అంటే ఒప్పుకోవద్దు. పదో తరగతి పిల్లలు ఈ రెండు పనులు ఫోన్‌లో చేసి పెట్టగలరు, వాళ్ల ఇళ్లలోనే అవసరం ఉంది.

వచ్చే వేసవి సెలవుల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఒక బస్సులో హ్యాంగర్ చూపించడానికి తీసుకుపోవాలని మా బ్యాచ్ అనుకుంటున్నది. అనుమతుల కాగితాలు నేను చూసుకుంటాను. బస్సు ఖర్చు సగం మా బ్యాచ్‌ది, మిగతా సగం ఎవరైనా భరిస్తామంటే భోజనాల దగ్గర నాకు చెప్పండి. వంటవాళ్లు ఇప్పటికే రెండుసార్లు సైగ చేశారు.